బొగ్గు దిగుతోందనుకున్నాను

నాకు ఉద్యోగం ఇచ్చిందే అనుమానపడటానికి. గనిలో నేను సర్దార్‌ని. షిఫ్టు వాళ్లు దిగకముందే పని జాగాలోకి వెళ్లి, పొడుగాటి కర్రతో పైకప్పును తట్టి, ఆ చప్పుడు వినాలి. పైకప్పు గట్టిగా ఉంటే కర్ర ఖంగుమంటుంది. పైన పొర విడిపోయి ఉంటే తడిబట్ట కప్పిన డబ్బాను కొట్టినట్టు బోలుగా పలుకుతుంది. దీపం వేసి చూస్తే మాత్రం రెండు చోట్లా ఒకే నలుపు, ఒకే మెరుపు. కంటికి బాగున్నదాన్ని నమ్మొద్దని ఇరవై ఎనిమిదేళ్లుగా ఆ కర్ర నాకు చెబుతూనే ఉంది.

డ్యూటీ దిగినా ఆ అలవాటు నన్ను దిగలేదు. పాలలో వేలు ముంచి చూస్తాను. కూరగాయల తక్కెడ కింద చెయ్యి పెట్టి చూస్తాను. గోదావరిఖని బస్టాండు దగ్గర షేర్ ఆటో ఎక్కితే, డ్రైవరు ఎవరితో మాట్లాడుతూ తోలుతున్నాడో కూడా చూస్తాను. నా భార్య ఒకసారి విసిగిపోయి, "నన్ను చేసుకున్ననాడు గూడ కర్రతోని తట్టి చూసినవా ఏంది?" అంది. తట్టలేదు గానీ, వాళ్ల నాన్నను నాలుగు ప్రశ్నలు ఎక్కువే అడిగాను. ఆ సంగతి ఆమెకు ఇంకా తెలియదు.

అన్నిటికంటే ఎక్కువ అనుమానం నాకు దవాఖానల మీద. దానికి కారణం అన్న.

అన్న అంటే తోడబుట్టినవాడు కాదు. ఒకే రోజు ఉద్యోగంలో చేరాం, ఒకే గనిలో పనిచేశాం, కంపెనీ క్వార్టర్లలో పక్కపక్క వరసల్లో ఉన్నాం. నాకంటే మూడేళ్లు పెద్ద. ఇద్దరం గనిలోంచి పైకి రాగానే చేసే మొదటి పని దీపాలు అప్పగించడం, రెండో పని బెల్లం తినడం. మా దగ్గర ఇది అందరూ చేసేదే. ఎనిమిది గంటలు బొగ్గు దుమ్ము మింగుతాం, ఉమ్మితే నల్లగా వస్తుంది. బెల్లం ముక్క నోట్లో వేసుకుంటే గొంతులోది, కడుపులోది దానికి అంటుకుని కిందికి దిగిపోతుందని మా నమ్మకం. ఎవరు మొదలుపెట్టారో తెలియదు. నేను చేరేనాటికే పాత కార్మికులు జేబులో బెల్లం పెట్టుకుని తిరిగేవాళ్లు.

మా ఇద్దరికీ బెల్లం తెచ్చే పని నాది. తెల్లగా మెరిసే బెల్లం చూస్తే మందు కలిపారని నాకు అనుమానం. అందుకని వెతికి వెతికి నల్లబెల్లమే కొనేవాణ్ణి. అది అడిగినప్పుడల్లా దుకాణందారు నన్ను దాంతో గుడుంబా సారా కాసేవాడేమోనన్నట్టు ఎగాదిగా చూసేవాడు. అనుమానం నా ఒక్కడి సొత్తు కాదు కదా అని ఊరుకునేవాణ్ణి.

ఆరేళ్ల కిందట అన్న చిక్కిపోయాడు. నాలుగడుగులు ఎక్కి నిలబడిపోయేవాడు. ఒకనాడు ఉదయం షిఫ్టుకు వచ్చి, దీపాల గది ముందే కళ్లు తిరిగి పడ్డాడు. దవాఖానకు తీసుకుపోయారు, అక్కడి నుంచి హైదరాబాద్ పంపారు. మూడో రోజు ఆపరేషన్. నాలుగో రోజు అన్న అంబులెన్సులో వాకిట్లోకి వచ్చాడు. శవానికి స్నానం చేయించినవాళ్లలో నేనూ ఒకణ్ణి. రొమ్ము కింద నుంచి బొడ్డు దాకా ఒకటే కోత. నీళ్లు పోస్తుంటే నా చెయ్యి ఆ కుట్ల మీదికి వెళ్లింది. అప్పుడే నిర్ణయానికి వచ్చాను. నడుచుకుంటూ తిరిగిన మనిషిని తీసుకుపోయి కోశారు, లోపలికి గాలి తగిలింది, పోయాడు.

ఆ మాట నేను ఊరికే మనసులో పెట్టుకోలేదు. గని మీద చెప్పాను, చాయ్ బండి దగ్గర చెప్పాను, యూనియన్ ఆఫీసులో చెప్పాను. ముఖ్యంగా వదినెకు చెప్పాను. అన్న పోయాక కూడా నెలకోసారి బెల్లం పట్టుకుని వాళ్లింటికి వెళ్లేవాణ్ణి. కూర్చోగానే, "కోసి సంపిండ్రు వదినె, లేకుంటె మనిషి ఉండెటోడు" అనేవాణ్ణి. ఆమె ఏమీ అనేది కాదు. బెల్లం తీసుకుని లోపల పెట్టి, చాయ్ తెచ్చి ఇచ్చి, కొంగుతో అరుగు తుడిచేది. ఆ మౌనాన్ని నేను దుఃఖం అనుకున్నాను. ఆమె ఒక్కదాన్నే నేను ఎన్నడూ అనుమానించలేదు.

ఇక నా సంగతి. పోయిన ఎండాకాలం నుంచి నాకు ఆయాసం మొదలైంది. గనిలో ఏటవాలు దారి ఎక్కుతుంటే మధ్యలో ఆగి, పైకప్పును తడుతున్నట్టు నటించి ఊపిరి తీసుకునేవాణ్ణి. సర్దార్ ఎక్కడ ఆగినా ఎవరూ ఎందుకని అడగరు. దొడ్డికి నల్లగా, జిగటగా వెళ్లేది. దానికి భయపడలేదు సరికదా, లోలోపల సంబరపడ్డాను. ఇన్నేళ్ల బొగ్గు ఇప్పటికి దిగుతోందన్నమాట. బెల్లం రెండింతలు చేశాను.

నా భార్య మాత్రం రోజూ నా మొఖం వైపు చూసి, "సున్నం గొట్టిన గోడ లెక్క అయినవ్, ఒక్కసారి దవాఖానకు పోరాదు" అనేది. వయసు అన్నాను. ఎండ అన్నాను. చివరికి కంపెనీ వాళ్లు అందరికీ చేసే వైద్య పరీక్షలో నేను దొరికిపోయాను. రక్తం ఉండాల్సిన దాంట్లో సగం కూడా లేదన్నారు. నా సీసా ఇంకెవరి సీసాతోనో మారిందని గొడవపెట్టుకున్నాను. ల్యాబులో అమ్మాయి ఓపికగా నా ముందే సూది గుచ్చి, నా ముందే నా నంబరు రాసి, నా ముందే మిషన్లో పెట్టింది. ఈసారి ఇంకా తక్కువ వచ్చింది.

డాక్టరమ్మ నన్ను కూర్చోబెట్టి అడిగింది.

"దొడ్డికి ఎట్లా వెళ్తోంది? రంగు ఎట్లా ఉంది?"

"నల్లగ పోతాంది మేడం" అన్నాను గర్వంగానే. "బెల్లం తింటున్న గద, బొగ్గు దిగుతాంది."

ఆమె రాస్తున్న కలం ఆపింది. "ఎన్నాళ్ల నుంచి?"

"నాలుగైదు నెలలాయె."

"అది బొగ్గు కాదు. మీ రక్తం. కడుపులో కారి, అరిగి, నల్లబడి వస్తోంది."

నేను నమ్మలేదు. ఆ పిల్ల గనిలోకి ఒక్కసారైనా దిగిందా, బొగ్గు గురించి నాకు చెప్పడానికి, అనుకున్నాను. కానీ రెండు సీసాల రక్తం ఎక్కించాక నా కాళ్లలోకి బలం వచ్చిన మాట నిజం. తర్వాత నోట్లోంచి గొట్టం దింపి చూశారు. అన్నవాహిక వచ్చి కడుపులో కలిసే చోటికి కాస్త కింద, కడుపు గోడలోంచి లోపలికి పెరిగిన గడ్డ ఉందట. నిమ్మకాయంత. దాని నెత్తి మీద పుండు పడి, అక్కడి నుంచే రక్తం కారుతోందట. ముక్క తీసి పరీక్షకు పంపారు. వదిలేస్తే ఒకరోజు రక్తం ఆగకపోవచ్చని, గడ్డ ముదిరితే వేరే చోట్లకు పాకొచ్చని, హైదరాబాద్ పోయి తీయించుకోవాలని చెప్పారు.

నేను పోనన్నాను. వాదించలేదు, కోపం కూడా చేయలేదు. ఇంటికొచ్చి మంచం మీద అటు తిరిగి పడుకున్నాను. నా కళ్ల ముందు అన్న పొట్ట మీది కుట్లే ఉన్నాయి. ఉంటే ఇట్లాగే ఇంకో ఏడాది ఉంటాను, కోయించుకుంటే నాలుగో రోజే వాకిట్లోకి వస్తాను. నాకు తెలిసిన లెక్క అంతే. భయమేసింది అని చెప్పుకోవడానికి నాకు ఇప్పుడు సిగ్గు లేదు.

మరునాడు మధ్యాహ్నం వదినె వచ్చింది. అన్న పోయాక ఆమె మా గడప తొక్కడం అదే మొదటిసారి. కూర్చోలేదు, మంచినీళ్లు తాగలేదు.

"పో మర్దీ" అంది. "ఆయన లెక్క ఆలస్యం చెయ్యకు."

"అన్నను ఏం జేసిండ్రో మరిచినవా వదినె?"

"నువ్వైతె పో. నీకు దండం పెడుత."

నిజంగానే రెండు చేతులూ జోడించింది. ఆమె వెళ్లిపోయాక ఆ 'ఆలస్యం' అన్న మాట నాకు ముల్లులా గుచ్చుకుంది. అన్న ఆలస్యం ఎక్కడ చేశాడు? పడినరోజే తీసుకుపోయాం కదా? నా భార్యే ఆమెకు చెప్పి పంపిందని అనుమానించి అడిగాను. "నీ రోగం సంగతి జెప్పిన, అంతె. నల్లగ పోతాందంటె సాలు, ఆమె చేతులున్న చెంబు కింద వడ్డది" అంది. ఆ జవాబును కూడా నేను పూర్తిగా నమ్మలేదు. అయినా వదినె దండం పెట్టాక ఇంట్లో పడుకోవడం నా వల్ల కాలేదు. మూడో రోజు రామగుండంలో రైలెక్కాం.

హైదరాబాద్ దవాఖాన నేల అద్దంలా ఉంది. నేల అంత తుడిచారంటే ఏదో దాస్తున్నారని నాకు మొదట తోచింది. ఆ తర్వాత అసలు అనుమానం ముందుకొచ్చింది. నా కేసుకు ఒక డాక్టరు కాదు, ఇద్దరు. ఒకాయన పొట్ట ఆపరేషన్లు చేసే పెద్దాయన. ఇంకొకాయన గొట్టం దింపి లోపల చూసేవాడు, కాస్త చిన్నవాడు. ఇద్దరూ కలిసి ఒకేసారి చేస్తారట. ఒక గడ్డకు ఇద్దరెందుకు? ఒకరికి చేతకాదా? లేక ఒకరి తప్పు ఇంకొకరి మీద తోయడానికా?

పెద్దాయన ఒక కాగితం తిప్పి దాని వెనక కడుపు బొమ్మ గీశాడు.

"గడ్డ లోపలి వైపు పెరిగింది. నేను బయటి నుంచి చూస్తే అది ఎక్కడ మొదలై ఎక్కడ ఆగిందో నాకు కనపడదు. అన్నం దిగే దారికి దగ్గరగా ఉంది. గుడ్డిగా కోస్తే కడుపు పై భాగం మొత్తం తీసి, మిగిలినదాన్ని అన్నవాహికకు అతకాలి. బతుకుతారు, కానీ తిండి ఇదివరకటిలా ఉండదు. పోనీ లోపలి నుంచి ఆయన ఒక్కడే తీస్తాడా అంటే, గడ్డ వేరు గోడ మందంలో ఉంది. తీస్తే కడుపుకు చిల్లు పడుతుంది. అందుకని ఆయన లోపలి నుంచి, నేను బయటి నుంచి. గడ్డ వరకే కోసి తీసి, కుట్టేస్తాం. పొట్ట మీద అయిదు చిన్న చిల్లులు, అంతే."

వింటుంటే నాకు గని గుర్తొచ్చింది. మేము రెండు వైపుల నుంచి దారులు తవ్వుకుంటూ వచ్చి మధ్యలో కలుపుతాం. అది చాలా ప్రమాదమైన పని. ఇటు వాళ్లు బొగ్గులో తూటా పెట్టి పేలిస్తే, మధ్యలో ఉన్న పలుచని బొగ్గు పగిలి అటు వాళ్ల మీద పడుతుంది. అందుకని దగ్గరికి రాగానే ఒక వైపు పని ఆపేసి, మనుషులను బయటికి పంపి, దారికి కాపలా పెట్టాలి. ఏ వైపు ఆపాలో ముందే రాసుకోవాలి.

"సార్, ఒక్క మాట" అన్నాను. "ఇద్దరు రెండు దిక్కుల నుంచి వస్తున్నరు. దగ్గరికొచ్చినంక ఎవరు ఆగుతరు?"

నా భార్య నా మోచేతి మీద గిల్లింది. పెద్దాయన నవ్వలేదు. ఏం ఉద్యోగమని అడిగాడు. చెప్పాను.

"ముందు ఆయనది పని" అన్నాడు. "లోపల గడ్డ చుట్టూ చుక్కలు పెట్టి, ఆ చుక్కల వెంట లోపలి పొర కోసి ఆగుతాడు. అప్పుడు నేను నా దీపం తగ్గిస్తాను. ఆయన దీపం కడుపు గోడలోంచి నాకు బయటికి కనపడుతుంది. ఆ వెలుగు చూసుకుని నేను కోస్తాను. నేను కోస్తున్నంతసేపు ఆయన చెయ్యి కదలదు, చూస్తూ ఉంటాడు."

జవాబు బాగుంది. బాగుంది కాబట్టే నాకు అనుమానం. సాయంత్రం చిన్న డాక్టరు ఒంటరిగా దొరికితే అదే ప్రశ్న, ఇంతకుముందు ఎవరినీ అడగనట్టు మొఖం పెట్టి అడిగాను. అదే జవాబు వచ్చింది. ఒక్క చోట తేడా దొరికింది. పెద్దాయన రెండు గంటలన్నాడు, ఈయన మూడు గంటలన్నాడు. దొంగను పట్టుకున్నట్టు ఆ మాట అడిగేశాను.

"ఆయనకు కోసేదాకే లెక్క" అని నవ్వాడు చిన్నాయన. "ముందు దింపేది నేను, చివర చూసి పైకి వచ్చేది నేను."

సంతకం పెట్టించుకునేటప్పుడు పెద్దాయనను ఆఖరి ప్రశ్న అడిగాను. కుదరకపోతే అన్నను కోసినట్టు కోస్తారా అని. "అవసరమైతే కోస్తాను" అన్నాడు. "కోయనని మాట ఇవ్వను." ఆ మాటకే నేను సంతకం పెట్టాను. 'ఏం కాదులే, నాది భరోసా' అనే మనిషిని గనిలో నేను ఎన్నడూ నమ్మలేదు. అట్లాంటివాడు పైకప్పును తట్టకుండానే మనుషులను పంపిస్తాడు.

ఆపరేషన్ రోజు ఉదయం నా చొక్కా మార్పిస్తుంటే జేబులోంచి కాగితం పొట్లం పడింది. నర్సు విప్పి చూసి ఉలిక్కిపడింది. నల్లగా, జిగటగా ఉన్న ఆ ముద్దను ఏమనుకుందో పాపం. "బెల్లం బిడ్డా, తినలే, ఉత్తగ పెట్టుకున్న" అన్నాను. నిజంగానే తినలేదు. కానీ వెనక్కి ఇవ్వమని అడిగితే ఇవ్వలేదు.

మెలకువ వచ్చేసరికి గొంతు మండుతోంది. మొదట చెయ్యి పొట్ట మీదికి పోయింది. కోత కోసం వెతికాను. రొమ్ము కింద నుంచి బొడ్డు దాకా తడిమాను. అయిదు చిన్న పట్టీలు తప్ప ఏమీ లేదు. నొప్పి ఉంది, కానీ ఆపరేషన్ అయినంత నొప్పి లేదు. అప్పుడు నాకు ఖాయమైంది. వీళ్లు ఏమీ చేయలేదు. పైన గాట్లు పెట్టి పట్టీలు అంటించారు.

నా భార్యను పిలిచి చెవిలో చెప్పాను. ఆమె ఏడుస్తూ నవ్వింది. "సీసల గడ్డను జూపిచ్చిండ్రు నాకు. తెల్లగ, నెత్తి మీద గుంటవడి ఉన్నది."

"ఎవలదో జూపిచ్చిండ్రు."

"నీ నోరు పడిపోను" అంది. "బతికినవ్ గద, ఊకో."

నేను ఊరుకోలేదు. రెండో రోజు గుక్కెడు నీళ్లు తాగనిచ్చారు, మూడో రోజు జావ ఇచ్చారు. ఆ సాయంత్రం ఇద్దరు డాక్టర్లూ కలిసి వచ్చినప్పుడు అడిగాను. చేసింది చూపించమన్నాను. పెద్దాయన భుజాలు ఎగరేశాడు గానీ, చిన్నాయన పోయి ల్యాప్‌టాప్ పట్టుకొచ్చాడు. మంచం మీదికి ఎక్కించి, నా ఒళ్లో పెట్టినంత దగ్గరగా పెట్టాడు.

నా కడుపులోకి నేను దిగాను. గులాబి రంగు దారి, తడిగా, మెత్తగా. మలుపు తిరగగానే గడ్డ. దాని చుట్టూ వరసగా మాడ్చిన చుక్కలు పడుతున్నాయి. చుక్కల వెంట సన్నని కత్తి తిరిగింది. తర్వాత బొమ్మ మారింది, ఇది బయటి వైపు అన్నాడు చిన్నాయన. అంతా మసక. పెద్దాయన దీపం తగ్గించాడు. కడుపు గోడ మీద ఎర్రటి వెలుగు లేచింది. గనిలో మలుపు అవతల మనిషి కనపడకముందే అతని టోపీ దీపం వెలుగు గోడ మీద పడుతుంది. సరిగ్గా అట్లాగే. లోపల ఒకడు ఆగి ఉన్నాడని నాకు అర్థమైంది. ఆ వెలుగు అంచు పట్టుకుని పెద్దాయన కోశాడు, రెండు దారులూ కలిశాయి. గడ్డను సంచిలో వేసి బొడ్డు దగ్గరి చిల్లులోంచి తీశారు. చిల్లు పడిన చోట కుట్టారు.

తర్వాత చేసింది చూసి నేను నిజంగా లొంగిపోయాను. కుట్టిన చోట బయట నీళ్లు పోశారు. లోపలి నుంచి చిన్నాయన గాలి ఊదాడు. సైకిల్ ట్యూబు పంక్చరు వేసినవాడు నీళ్లలో ముంచి చూసినట్టు, బుడగలు వస్తాయేమోనని ఇద్దరూ ఇటు నుంచి ఒకరు, అటు నుంచి ఒకరు చూశారు. ఒక్క బుడగా లేదు. మళ్లీ ఊది మళ్లీ చూశారు. తమ కుట్టును తామే నమ్మని మనుషులు! వాళ్ల చేతులు పట్టుకోవాలనిపించింది.

అంతా అయ్యాక నా బుర్రలో ఒక ప్రశ్న మిగిలిపోయింది.

"బొగ్గు ఏది సార్?" అన్నాను.

"ఏం బొగ్గు?"

"ఇరవై ఎనిమిదేండ్లు మింగిన. నల్లగ పోయింది గద. ఏడున్నది?"

చిన్నాయన బొమ్మను వెనక్కి తిప్పాడు. కడుపు ఈ మూల నుంచి ఆ మూల దాకా మళ్లీ చూపించాడు. అంతా గులాబి రంగే. "కడుపులో బొగ్గు నిలవదండీ. పోగుపడితే ఊపిరితిత్తుల్లో పోగుపడుతుంది. దాన్ని బెల్లం దింపలేదు. మీకు నల్లగా పోయిందంతా ఈ పుండులోంచి కారిన రక్తం."

డాక్టరమ్మ చెప్పిందీ ఇదే. ఆమె చెబితే చెవికి ఎక్కలేదు, ఇప్పుడు కంటితో చూశాను. చూసిన మరుక్షణం అన్న గొంతు వినిపించింది. పడిపోవడానికి మూడు నాలుగు నెలల ముందు, గని మీద వేపచెట్టు నీడలో కూర్చుని, నాకు మాత్రమే వినపడేట్టు అన్నాడు.

"నల్లగ పోతాంది తమ్మీ. మంచిదేనా అది?"

నేను అన్నకు ఏం జవాబు ఇచ్చానో కూడా గుర్తుంది. ఈ ఆరేళ్లలో ఒక్కసారి కూడా గుర్తు రానిది అక్షరం పొల్లు పోకుండా గుర్తొచ్చింది. "దిగుతాందన్నట్టే అన్నా. ఇంకింత తిను" అన్నాను. ఆ మరునాటి నుంచి రెండు ముద్దలు తెచ్చాను.

ల్యాప్‌టాప్ తీసుకుపోయారు. నా భార్య వచ్చి, నొప్పి లేస్తోందా అని అడిగింది. అవునన్నాను.

పదో రోజు ఇంటికొచ్చాం. గడ్డ పరీక్ష కాగితం కూడా వచ్చింది. అంచుల దాకా శుభ్రంగా తీశారని, ప్రమాదం తక్కువ రకమని, ఆరు నెలలకోసారి గొట్టంతో చూపించుకుంటే చాలని రాశారు. కాలనీలో మాత్రం నా ఆపరేషన్‌ను ఒక్కడూ నమ్మలేదు. చూడటానికి వచ్చిన ప్రతివాడూ బనియన్ ఎత్తమనేవాడు. ఎత్తితే అయిదు చుక్కలు. "గింతేనా కాకా? పనికి అన్‌ఫిట్ సర్టిఫికెట్ కోసం నాటకం ఏసినవా ఏంది?" అని ఒకడు. అనుమానం ఎట్లా ఉంటుందో అవతలి వైపు నుంచి అప్పుడు తెలిసింది. నాకు కోపం రాలేదు. నా బుద్ధంతా పక్క వరసలోని వదినె ఇంటి మీద ఉంది.

వారం ఆగి, కాళ్లు నిలబడ్డాక, వదినె దగ్గరికి వెళ్లాను. మొదటిసారి ఉత్త చేతులతో. ఆమె అరుగు మీద కూర్చుని బియ్యం చెరుగుతోంది. నా చేతుల వైపు చూసింది.

"బెల్లం తేలేదా మర్దీ?"

"లేదు వదినె." నిలబడే చెప్పాను, కూర్చుంటే చెప్పలేననిపించింది. "అన్నను దవాఖానోళ్లు సంపలే. నల్లగ పోతాందని అన్న నాకు జెప్పిండు. మంచిదే, ఇంకింత తిను అన్న. నేనే తెచ్చిచ్చిన."

ఆమె చాట పక్కన పెట్టింది. నన్ను తిడుతుందని, ఏడుస్తుందని, లేచి లోపలికి పోతుందని, మూడింటికీ సిద్ధపడే వచ్చాను.

"నాకు ఎర్కే" అంది.

నాకు అర్థం కాలేదు.

"పట్నం పోయిననాడే డాక్టరు అడిగిండు, నల్లగ ఎన్నాళ్ల సంది పోతాందని. నాలుగు నెలలాయె, బొగ్గు దిగుతాంది సార్ అన్న. ఆయన తల పట్టుకున్నడు. కోసినందుకు పోలే మర్దీ. కోసేటప్పటికే ఆయన ఒంట్ల నెత్తురు లేకుండె."

"మరి నాకెందుకు జెప్పలే? ఆరేండ్ల సంది నీ ముంగట కూసోని కోసి సంపిండ్రని అంటుంటె, ఒక్కనాడన్న అది గాదని అనకపోతివి."

"అంటె నువ్వు తట్టుకుందువా?" అంది. "అనకపోవుడు తప్పే. మీ ఆమె నీకు నల్లగ పోతాందని జెప్తె నా పానం పోయినంత పనైంది. నువ్వు గూడ గదే బెల్లం తింటున్నవని నాకు సోయి లేకపాయె. అప్పుడన్న ఉన్నదున్నట్టు జెప్పాల్సింది. నోరు రాలే. దండం పెట్టి వచ్చిన."

"నేను నెలనెల తెచ్చిన బెల్లం?"

"పక్కింటోళ్ల బర్రెకు పెట్టిన. పారేస్తె నువ్వు సూస్తవని."

నవ్వాలో ఏడవాలో తెలియక అరుగు అంచున కూర్చుండిపోయాను. లోపలి కుట్లు లాగాయి. నా కళ్లు ఎప్పుడు కారాయో నాకు తెలియదు. ఆమె లోపలికి వెళ్లి చాయ్ పెట్టుకొచ్చి నా పక్కన పెట్టింది. ఎప్పటిలాగే కొంగుతో అరుగు తుడిచింది. తుడుస్తూ, నా వైపు చూడకుండా అంది.

"నేను గాదు చెప్పొద్దన్నది. ఆయనే. లోపలికి తీస్కపోయేముందు నా చెయ్యి పట్టుకోని అన్నడు. తమ్మికి జెప్పకు, వాడు అనుమానపు మనిషి, ఇగ జిందగీ అంత వాని మీద వాడే అనుమానపడుతడు అన్నడు."

రెండో షిఫ్టు సైరన్ కూసేదాకా ఆ అరుగు మీదే కూర్చున్నాను. చాయ్ చల్లారిపోయింది. చక్కెరతో పెట్టింది, తాగాను.